ఎన్ని దెబ్బలకు పలుకుతాది?

మొన్న మదనపల్లె బస్టాండు దగ్గర చెప్పు తెగింది. ఆఫీసుకు టైమైపోతోందని విసుక్కుంటూ, కాలీడ్చుకుంటూ, గోడవార గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పక్కన ఒక రేకు డబ్బాలో నూనె, అందులో నానుతున్న తోలు ముక్కలు. ఒక ముక్క తీసి, పిండి, వేళ్ల మధ్య అటూ ఇటూ వంచి చూశాడు. తోలూ, వేరుశనగ నూనే కలిసిన ఆ వాసన గుప్పున తగిలింది. ఎవరైనా ముక్కు మూసుకునే వాసనే అది. నాకు మాత్రం ఉన్నట్టుండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దాయన కంగారుపడి, "యాలమ్మా, కాల్లో ఏమన్నా గుచ్చుకునిందా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. చెప్పు బాగై చేతికొచ్చాక కూడా అక్కడే స్టూలు మీద కాసేపు కూర్చుండిపోయాను. ఆఫీసు ఎక్కడికీ పారిపోదు కదా.

ఆ వాసన దేవసహాయం గారిది. పల్లెల్లో చేతిపంపులు బాగుచేసే మెకానిక్కు ఆయన. మా చిత్తూరు వైపు చేతిపంపును చేతిపంపు అనేవాళ్లు తక్కువ, అందరూ బోరింగు అనే అంటారు. ఆయన భుజానికి ఎప్పుడూ ఒక ఖాకీ సంచీ ఉండేది. అందులో నాలుగు పానాలు, గ్రీజు డబ్బా, ఒక సబ్బుబిళ్ల, ఒక ఊరగాయ సీసా. ఆ సీసాలో ఊరగాయ ఉండేది కాదు, నూనెలో నానేసిన తోలు వాషర్లు ఉండేవి. ఎండు వాషరు వేస్తే నెలకే చిట్లుతుందనీ, వారం నానితే ఏడాది వస్తుందనీ ఆయన నమ్మకం. కొత్తవాళ్లెవరైనా భోజనాల దగ్గర ఆ సీసా మూత తీయబోతే కూడా ఆయన వారించేవాడు కాదు. మూత తీసినవాడి మొహం చూసి తల వంచుకుని నవ్వుకునేవాడు. మొదటి రోజు అలా మూత తీసింది నేనే.

నాది బైరెడ్డిపల్లె దగ్గర ఒక మెట్ట ఊరు. మా ఇంట్లో మొదట ఇంజనీరింగు చదివింది నేను. గ్రామీణ నీటి సరఫరాలో ఉద్యోగం వచ్చి పుంగనూరులో చేరినప్పుడు నాకున్న గర్వం అంతా ఇంతా కాదు. చేతికి ఒక ఫారం ఇచ్చారు. ఊరి పేరు, బోరింగు నంబరు, దాని పక్కన రెండే గళ్లు: పని చేస్తున్నది, పని చేయుట లేదు. పదకొండు గంటలకు జీపులో వెళ్లడం, దిగడం, మూడుసార్లు కొట్టడం, నీళ్లొస్తే టిక్కు పెట్టడం, మళ్లీ జీపెక్కడం. దేవసహాయం వెనకే చేతులు కట్టుకుని నిలబడేవాడు. మూడో ఊళ్లో, నేను టిక్కు పెట్టి వెనక్కి తిరిగేసరికి, ఆయన బిందె పట్టుకున్న ఒకావిడను అడుగుతున్నాడు. ఆవిడ పేరు రెడ్డెమ్మ.

"ఏమ్మా, మీ బోరింగు ఎన్ని దెబ్బలకు పలుకుతాది?"

"ఉగాదప్పుడు మూడే గదప్పా. నిన్న తొమ్మిది. ఈ పొద్దు పదకొండు," అంది రెడ్డెమ్మ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా.

నాకు నవ్వొచ్చింది. నేనిప్పుడే కొట్టాను, మూడో దెబ్బకే నీళ్లు పడ్డాయి, పదకొండేమిటి అన్నాను. దేవసహాయం నా వైపు తిరిగి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా చెబుదామనుకున్నాడు గానీ ఆయన గొంతు పెద్దది. "ఇప్పుడు పదకొండు గంటలైందమ్మా. ఈయమ్మోళ్లు తెల్లారినప్పట్నించీ కొడతాండారు. పైపు నిండా నీళ్లే. ఇప్పుడు మీరు కొట్టినా పలుకుతాది, సంటిబిడ్డ కొట్టినా పలుకుతాది. రేపు తెల్లారి రాండి, సూపిస్తా." రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫారం మడిచి గట్టిగా జీపు తలుపు వేశాను. అయినా మర్నాడు తెల్లవారకముందే లేచి వెళ్లాను. ఆయన్ను తప్పు పట్టే అవకాశం వదులుకోవడం ఇష్టంలేక వెళ్లాను గానీ నేర్చుకుందామని కాదు.

ఆ తెల్లవారుజామున బోరింగును ఎవరూ ముట్టుకోలేదు. రెడ్డెమ్మ చెయ్యి వేసి కొట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా కలిసి లెక్కపెట్టారు. పది దాకా ఉత్త గాలి, చైను కిర్రుమన్న చప్పుడు. పన్నెండో దెబ్బకు నీళ్లు దుమికాయి. అప్పుడు దేవసహాయం నేల మీద గొంతుక్కూర్చుని పుల్లతో గీసి చూపించాడు. పైపు అడుగున ఒక చిన్న తలుపు ఉంటుంది, పైకి వచ్చిన నీళ్లను అది కిందికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. దాని వాషరు అరిగితే రాత్రంతా నీళ్లు బొట్టుబొట్టుగా జారిపోతాయి. తెల్లారి మొదట కొట్టినావిడ ఆ పైపంతా మళ్లీ నింపాలి. "మూడు తొమ్మిదయ్యిందంటే తోలు అరగతాండాదని. తొమ్మిది ఇరవై కాకముందే మారిస్తే, బోరింగు ఆగే రోజే రాదమ్మా. ఆగినాక బాగుచేసేది నా పని. ఆగకుండా సూసేది మాత్రం ఈయమ్మోళ్ల పని. నేను నెలకో తూరి వస్తా, వాళ్లు దినామూ వస్తారు." నా ఫారంలో పన్నెండు రాయడానికి గడి లేదు. అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

తరవాత రెండేళ్లు ఆయనతో పల్లెలన్నీ తిరిగాను. ఆయన పద్ధతి ఒకటుండేది. బోరింగు తను విప్పేవాడు కాదు. వీధిలో తెల్లారి మొదట నీళ్లకొచ్చే మనిషి ఎవరో కనుక్కుని, ఆమెనే పిలిచి, పానా చేతికిచ్చేవాడు. రాడ్లు పైకి లాగేటప్పుడు నలుగురు ఆడవాళ్లు పట్టుకోవాల్సిందే. వాషరు మార్చేముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, నేనైనా సరే. "లోపల పెట్టేది మనుషుల కడుపులోకి పొయ్యేదమ్మా," అనేవాడు. ఆ అలవాటు వాళ్లమ్మ దగ్గరిది. ఆవిడ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆ ఆసుపత్రి వెనక వీధిలోనే ఈయన పుట్టి పెరిగాడు. పని అయ్యాక చివరి బోల్టు ఎప్పుడూ వీధి మనిషే బిగించాలి, ఒక పానా ఆమె ఇంట్లోనే ఉండాలి. గవర్నమెంటు సామాను ఇళ్లల్లో వదిలేస్తే ఎలాగని ఒకసారి గొడవపెట్టుకున్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "పోనీ పానా ఆఫీసులో పెడదాం. దప్పికయినప్పుడు వీళ్లంతా ఆఫీసుకొస్తారు," అన్నాడు.

ఆదివారం మాత్రం ఆయన దొరికేవాడు కాదు. తెల్ల చొక్కా వేసుకుని, కమలమ్మతో, అంటే ఆయన భార్యతో, గుడికి వెళ్లిపోయేవాడు. అలా అనుకుని ఒక ఆదివారం నేను హాయిగా తలంటు పోసుకుంటుంటే తలుపు కొట్టాడు, తెల్ల చొక్కాతోనే. ఏదో ఊళ్లో ఉన్న ఒక్క బోరింగుకూ చైను తెగిందట. మీకీరోజు సెలవు కదా అంటే, "ఆదివారమైతే దప్పిక కాదామ్మా? పాస్టరుగారికి సెప్పే వచ్చినా," అన్నాడు. ఆ చొక్కాకు అంటిన గ్రీజు తరవాత ఎన్ని ఉతుకులకూ పోలేదని కమలమ్మ చాలా కాలం నన్నే దెప్పేది. నాకది ఇష్టంగానే ఉండేది.

ఒక్కసారి ఆయన్ను చూసి సిగ్గుపడ్డాను. ఆ సంగతీ చెప్పాలి. హార్స్లీ హిల్స్‌లో మాకొక శిక్షణ పెట్టారు. బయటినుంచి వచ్చిన పెద్దవాళ్లు తెర మీద బొమ్మలు వేసి, నీటి పథకాల సుస్థిరత గురించి రెండు రోజులు చెప్పారు. మంచి విషయాలే చెప్పారు, కాకపోతే అన్నీ పైపైన తేలే మాటలు. మెకానిక్కులను వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. దేవసహాయం లేచి, "సార్, మీరు బోయి పదేండ్లయినాక ఈ బోరింగులకు తోలు వాషరు ఎవురేస్తారు సార్?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, నాతో వచ్చిన మనిషి కాదన్నట్టు. ఆయన మాత్రం జవాబు కోసం చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఎవరో టీ వచ్చిందన్నారు. కొండ దిగేటప్పుడు జీపులో ఆయన నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు, దారిలో కనిపించిన బోరింగులన్నీ చూపిస్తూ. ఇప్పటికి ఎన్ని సమావేశాల్లో కూర్చున్నానో లెక్కలేదు. అంత సూటి ప్రశ్న మళ్లీ వినలేదు.

ఆ తరవాత నన్ను కుప్పం వేశారు. అక్కడ మెకానిక్కు లేడని ఆయన్నూ పంపారు. శనివారం సాయంత్రం బస్సెక్కి మదనపల్లె వెళ్లేవాడు, సోమవారం పొద్దున సీసాలో కొత్త వాషర్లతో దిగేవాడు. అక్కడే నేను నా జీవితంలో మరిచిపోలేని తప్పు చేశాను.

గుడుపల్లె వైపు కొత్తిండ్లని ఒక చిన్న పల్లె. నాకు సొంతంగా దొరికిన మొదటి కుళాయిల పథకం ఆ ఊరిదే. ట్యాంకు కట్టించాను, వీధివీధికీ పైపులు వేయించాను, కుళాయిలు బిగించాను. ప్రారంభానికి రోజు కూడా అనుకున్నారు. కానీ కొత్తగా వేసిన రెండు బోర్లలోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఊళ్లో నీళ్లున్నది ఒక్కచోటే, పాత బోరింగు ఉన్న బోరులో. ఆ బోరింగు పీకేసి, అదే బోరులో మోటారు దించితే ట్యాంకు నిండుతుంది. పని చేసే బోరింగును తీసేయడానికి రూలు ఒప్పుకోదు, పనికిరానిదైతే తీయవచ్చు. ఆ బోరింగు దగ్గర మొదట కొట్టే మనిషి మునెమ్మ, వేరుశనగ చేను, రెండావులూ ఉన్న రైతుల కోడలు. ఎన్ని దెబ్బలని నేనే అడిగాను. "నలభైమ్మా," అంది. నా ప్రాణం లేచి వచ్చింది. నలభై దెబ్బలంటే బోరు ఎండిపోతోందన్నమాటేగా అని నాకు నేను చెప్పుకున్నాను. ఫారం జీపు బానెటు మీద పెట్టి, బోరింగు నిరుపయోగం అని రాయబోయాను.

దేవసహాయం అడ్డం వచ్చాడు. "వద్దమ్మా. ఆలస్యంగా పలికేది వేరే, పలికి నిలిచిపొయ్యేది వేరే. ఇది ఆలస్యంగా పలుకుతాంది, అంతే. పలికినాక పొద్దుగూకే దాకా ఇస్తాండాది. వాషరు పోయింది, ఒక్క పూట పని. ఈ బోరులో నీళ్లు బిందెకు బిందెగా ఇచ్చే నీళ్లు. మోటారు పెట్టి గుంజితే రెండెండాకాలాలు రావు. దీన్ని ఉండనియ్యి తల్లీ." మునెమ్మా, ఇంకో పది మంది ఆడవాళ్లూ చుట్టూ నిలబడి వింటున్నారు. ప్రారంభం తేదీ నా నెత్తి మీద ఉంది. నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పింది నిజమని లోపలెక్కడో తెలిసినందుకే ఎక్కువ వచ్చింది.

"ఇంజనీరు నేనా, నువ్వా?" అన్నాను.

మా నాన్న కన్నా పెద్దవాడు ఆయన. అందరి ముందూ అన్నాను. ఆయన సంచీలోంచి సబ్బు తీసి, బోరింగు దగ్గరికి వెళ్లి, నింపాదిగా చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చాడు. "మీరే మేడం," అన్నాడు. మూడేళ్లలో నన్ను ఆయన మేడం అనడం అదే మొదలు. నేను సంతకం పెట్టాను.

బోరింగును ఆయనే విప్పించాడు. పైపులూ, రాడ్లూ ఊళ్లోనే ఉంచమని ఒక్కసారి అడిగాడు. కుదరదు, రూలు ప్రకారం స్టోరుకు పంపమన్నాను. సరే మేడం అన్నాడు. కుళాయిలు తిప్పిన రోజు ఊరంతా పండగే, అందులో అబద్ధం లేదు. మునెమ్మ తన ఇంటి ముందరి కుళాయికి పసుపు పూసి బొట్టు పెట్టింది. నాకు దండ వేశారు. వెనక వరసలో నిలబడి దేవసహాయం కూడా చప్పట్లు కొట్టాడు. కొన్నాళ్లకే ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పింది నేనే. "వస్తాను మేడం," అని సంచీ భుజాన వేసుకుని బస్టాండుకు నడిచి వెళ్లిపోయాడు. అమ్మా అంటాడేమోనని ఆయన బస్సెక్కే దాకా చూస్తూ నిలబడ్డాను. ఆ మాట నాకంత కావాలని అంతకుముందు తెలియదు.

మొదటి ఎండాకాలం ఎలాగో గడిచింది. రెండో ఎండాకాలం మధ్యలో కొత్తిండ్ల బోరులో నీళ్లు దిగిపోయి మోటారు కాలింది. ఇంకోటి పంపాను. అదీ కాలింది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. ట్యాంకరు ఒక రోజు వస్తే మూడు రోజులు రాదు. ఆడవాళ్లు వంక, అంటే వాగు, దాటి ఒక రైతు బోరు దగ్గరికి పోయి నీళ్లు తెచ్చుకుంటున్నారు. నా పథకం ఆగిపోయిందని, ఆ బోరులో మోటారు పనికిరాదని కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, మోటారు పైకి తీసి మళ్లీ బోరింగు పెట్టవచ్చు. ఆ ఒక్క సంతకం పెట్టడానికి నాకు నెల పట్టింది. మూడో మోటారుకు ఆర్డరు రాశాను గానీ ఆ కాగితం రాయలేదు. ఆ నెలలోనే, నెత్తిన బిందెతో వంక ఎక్కుతూ మునెమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

సంగతి తెలిసి వెళ్లాను. మునెమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నలభై దెబ్బలైనా పలుకుతాండె గదమ్మా. యాల తీసేస్తిరి?" అంది. ఆమే లేచి, రమ్మని తల ఊపి, పెరట్లో పశువుల కొట్టంలోకి తీసుకెళ్లింది. మంచి చేత్తో పైన అటక మీది చొప్ప పక్కకు లాగింది. చొప్ప కింద పైపులు, రాడ్లు, చైనుతో సహా బోరింగు తలకాయ, అన్నీ గ్రీజు పూసి గోనెసంచుల్లో చుట్టి ఉన్నాయి. "ఆయప్ప దాసిపెట్టి పోయినాడు. ఎయ్యాలంటే ఆయప్ప రావాల. మీ మోటారు లోపల కూసోనుండాది, అది తియ్యాలంటే మీ సంతకం కావాలంట. ఇంగ మీ ఇష్టం తల్లీ," అంది. జీపు బానెటు మీదే ఆ కాగితం రాశాను, అదే బోరు పక్కన.

మర్నాడు మదనపల్లె వెళ్లాను. ఆసుపత్రి వెనక వీధిలో, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సగానికి సగమైపోయాడు. మాట మధ్యలో దగ్గు. కిటికీలో ఊరగాయ సీసా, అందులో వాషర్లు. రిటైరైన మనిషి వాషర్లు ఎవరికోసం నానేస్తున్నాడో నేనడగలేదు. "కాఫీ తాగుతారా మేడం?" అన్నాడు. కొత్తిండ్ల సంగతి చెప్పాను. పైపులు చూశానని కూడా చెప్పాను. ఆయన మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"స్టోరుకు వేరే ఊరి తుక్కు పైపులు పంపినా మేడం. తప్పే. దేవునికి సెప్పుకున్నా. మీకు సెప్పలేదు."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే కమలమ్మ కాఫీ తెచ్చింది. ఆయన అప్పటికే సంచీ ఎక్కడుందని అడుగుతున్నాడు. ఈ దగ్గుతో ఎక్కడికని ఆవిడ అరిచినా వినలేదు.

పుంగనూరు మీదుగా కుప్పం వైపు వెళుతున్నంతసేపూ రోడ్డు పక్కన బోరింగు కనిపిస్తే చాలు, ఆయన తల అటు తిరిగేది. కొత్తిండ్లలో ఆయన ఒక్క పానా కూడా పట్టుకోలేకపోయాడు. నులకమంచం మీద కూర్చుని చెబుతుంటే, మునెమ్మ ఒంటి చేత్తో అందరినీ అదిలిస్తుంటే, ఊరి ఆడవాళ్లే మోటారు పైకి లాగారు, కొత్త వాషరు వేసి పైపులు దించారు, తల బిగించారు. సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎవరూ మరిచిపోలేదు. పొద్దుగూకేసరికి పని అయింది. ఎవరో కొట్టబోతే ఆయన వద్దన్నాడు. మోటారు పీకిన బోరు, ఒక రాత్రి నీళ్లు ఊరనివ్వాలన్నాడు.

తెల్లారేసరికి ఊరంతా అక్కడే ఉంది. మొదట కొట్టాల్సింది మునెమ్మ. ఆమె చెయ్యి కట్టులో ఉంది. దేవసహాయం నా వైపు చూసి, "మీరు కొట్టండి మేడం," అన్నాడు.

కొట్టాను. చిన్నప్పుడు మా ఊళ్లో కొట్టిన చేతులే, కానీ మరిచిపోయాయి. అందరూ లెక్కపెడుతున్నారు. ఇరవై. నలభై. నలభై అన్నప్పుడు నేను ఎవరి మొహమూ చూడలేదు. యాభై దాటాక లెక్కపెట్టే గొంతులు తగ్గాయి. అరవైకి ఇద్దరు ముగ్గురు బిందెలు ఎత్తుకుని వంక వైపు చూశారు. నా భుజాలు పోతున్నాయి. చైను కిర్రుమనడం తప్ప ఇంకేమీ లేదు. ఈ బోరును నేనే చంపేశానని నాకు ఖాయంగా అనిపించింది. మంచం మీంచి ఒక్క గొంతు మాత్రం, దగ్గు మధ్యలో, లెక్క వదల్లేదు. "అరవై ఆరు. ఆపొద్దు. అరవై ఏడు. పైపంతా ఖాళీగా ఉండాది, నిండాల. అరవై ఎనిమిది." డెబ్బై ఒకటో దెబ్బకు పిడి బరువెక్కింది. డెబ్బై రెండో దెబ్బకు గొట్టంలోంచి ఎర్రమట్టి నీళ్లు దుమికి నా పాదాల మీద పడ్డాయి. ఆగలేదు, ధారగా వచ్చాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు. మునెమ్మ మంచి చేత్తో నా వీపు మీద ఒక్కటి చరిచింది. నేను మాత్రం కొడుతూనే ఉన్నాను, ఆపితే ఆగిపోతాయేమోనని.

"సాలమ్మా. ఇంగ ఆపు. చెయ్యి నొప్పి పుడతాది," అన్నాడు దేవసహాయం.

అమ్మా అన్నాడు. అప్పుడు ఆపాను. మొహం కడుక్కున్నట్టు నటించి చాలాసేపు ఆ నీళ్ల కింద తల వంచుకుని ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో తప్పు నాది, క్షమించండి అని చెబుదామనుకున్నాను. పలమనేరు దాటేసరికి ఆయన జీపు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. ఇంటి దగ్గర దిగి, "జాగర్తగా పోమ్మా," అన్నాడు. వచ్చే వారం వచ్చి, తీరిగ్గా కూర్చుని చెప్పవచ్చనుకున్నాను. వచ్చే వారం ఏదో తనిఖీ. ఆపై వారం ఇంకేదో. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను సమావేశంలో ఉండగా, ఫోను మోగకుండా పెట్టుకుని ఉండగా, కమలమ్మ నాలుగుసార్లు చేసింది. నేను వెళ్లేసరికి సమాధి తోటనుంచి అందరూ తిరిగి వచ్చేశారు. వరండాలో కుర్చీ అలాగే ఉంది.

కమలమ్మ ఆ సాయంత్రం కూడా నాకు కాఫీ ఇచ్చింది. ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ ఆయన పొద్దున్నే అదే అడిగేవాడట, కొత్తిండ్లు ఎన్ని దెబ్బలకు పలికిందో కనుక్కోమని. ఈవిడ మునెమ్మకు ఫోను చేసి అడిగి చెప్పేదట. "మీకు సేద్దామంటే, ఆయమ్మకు ఆఫీసు పనుంటాదిలే, మునెమ్మను అడుగు అనేవోడు. ఆ పొద్దు కూడా అడిగినాడు. మూడని సెప్పినా. తల ఊపినాడు," అంది. వచ్చేటప్పుడు ఊరగాయ సీసా నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఆ వాసన ఇంక భరించలేనంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు నేను మదనపల్లెలోనే ఉన్నాను, కొంచెం పెద్ద కుర్చీలో. సీసా నా బల్ల మీద ఉంది. కొత్తగా చేరిన ఇంజనీర్లు భోజనాలప్పుడు మూత తీస్తే నేనూ వారించను. మా ఫారంలో ఇప్పుడు మూడో గడి ఒకటుంది: తెల్లవారి మొదట ఎన్ని దెబ్బలకు నీరు వచ్చును? పైనుంచి ఇదేమిటని వివరణ అడిగారు, రెండు పేజీలు రాసి పంపాను, ఒప్పుకున్నారో విసిగిపోయారో, గడి మాత్రం నిలిచింది. కొత్త పథకం ఏ ఊళ్లో పెట్టినా ఒక బోరింగును ముట్టుకోనివ్వను. కొత్తిండ్లకు తరవాత వేరే బోరునుంచి కుళాయిలు తెచ్చాం, నడుస్తున్నాయి. అయినా బోరింగు దగ్గర పొద్దున మొదటి దెబ్బ మునెమ్మదే. అంకె పెరిగిందంటే నాకు ఫోను చేస్తుంది. ఆ ఫోను రాగానే ఆయనకు చెప్పాలని లేస్తాను, చెప్పడానికి మనిషి లేడని గుర్తొచ్చి కూర్చుంటాను. ఇన్నేళ్లయినా ఆ లేవడం మానలేదు. ఆసుపత్రి వెనక వీధి ముందు నుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ వరండాల వైపు చూస్తాను. వెనకనుంచి పెద్ద గొంతుతో ఎవరైనా అమ్మా అంటే తిరిగి చూస్తాను.

ఈ పొద్దు కూడా మునెమ్మ చేసింది. చెప్పాల్సింది ఎదురుగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దేవసహాయం గారూ, ఆ రోజు తప్పు నాది. క్షమించండి. కొత్తిండ్ల బోరింగు మొన్నటిదాకా మూడు, ఈ పొద్దు ఐదు దెబ్బలకు పలికిందట. వాషర్లు వారం కిందటే నానేశాను. రేపు తెల్లారి వెళుతున్నాను.